నైహువా అవ్వ పొయ్యి

నిప్పు దయ్యాన్ని ఊరు దాటించే రోజున కామ్ జాతివాళ్ళ పల్లె యాన్‌ద్వాన్‌లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. తెల్లారేసరికే వంతెన మొదట్లో గడ్డితాడు అడ్డంగా కట్టేస్తారు. ఇక లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. కరెంటు తీసేస్తారు. సిగరెట్టు లేదు, టీ లేదు, వేడినీళ్ళు లేవు. కొండవాలు మీద ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఆ ఇళ్ళన్నీ నేల నుంచి చూరు దాకా కొయ్యే గనక, ఈ ఒక్క విషయంలో అక్కడి మనుషులు తమాషాలు చెయ్యరు. మిగతా అన్ని విషయాల్లోనూ చేస్తారు.

ఆ రోజు పెయ్‌లాన్ చేసింది మాత్రం తమాషా కాదు, ఆశ.

ఆమె పొయ్యి మీద పెద్ద బానలో గుడ్డ ఆవిరి పడుతోంది. వేసవి మొదట్లో నీలిమందులో ముంచడం మొదలుపెట్టిన గుడ్డ అది. ముంచడం, ఆరెయ్యడం, మళ్ళీ ముంచడం, కోడిగుడ్డు తెల్లసొన పూసి బండ మీద కొయ్య సుత్తితో బాదడం. బాదగా బాదగా నల్లటి నీలంలో ఎర్రటి మెరుపొకటి పైకి తేలుతుంది. ఆఖరున ఆవిరి పట్టాలి. ఆవిరి మధ్యలో చల్లబడిందా, ఆ మెరుపంతా మచ్చలు మచ్చలుగా పోతుంది. పెయ్‌లాన్ నడిపే హోమ్‌స్టేలో పై గదిలో దిగిన ఫాన్ మేడమ్ గ్వాంగ్‌జౌ నుంచి ఆ గుడ్డ కోసమే వచ్చింది. అది చూసి నచ్చితే తన దుకాణానికి ఏటా కావాలంటోంది. తెల్లారేలోగా అయిపోతుందనుకుని పెయ్‌లాన్ రాత్రే బాన ఎక్కించింది. కట్టెలు చెమ్మగా ఉన్నాయి. అవలేదు.

పొయ్యిలో నీళ్ళు పోసిన మాట నిజం. చుయ్యిమని పొగ లేచేదాకా పోసింది. కానీ దానికి ముందే నాలుగు నిప్పులు తీసి కుంపట్లో వేసి, పైన బూడిద కప్పి, బాన కిందికి తోసింది. మంట లేదు కదా, పడుకునుంది కదా అనుకుంది. తప్పు చేసేటప్పుడు మనసు చెప్పే సర్దుబాట్లకు అంతుండదు.

ఆమె మొగుడు యింగ్‌ఫా వంతెన దగ్గర తాడు కాపలాకు పోయాడు. ఇంట్లో పెయ్‌లాన్, పై గదిలో ముసుగుతన్ని పడుకున్న ఫాన్ మేడమ్, అంతే.

ఇళ్ళు తనిఖీ చేసేవాళ్ళు మామూలుగా పై వరస నుంచి మొదలుపెడతారు. ఎందుకో ఆ రోజు కింద నుంచి వచ్చారు. పక్క సందులో ఊరిపెద్ద గ్వాంగ్‌చాయ్ తాత దగ్గు వినపడగానే పెయ్‌లాన్ పొయ్యి దగ్గరికి ఉరికింది. వంగి కుంపటి లాగింది. పిడికి పేలిక చుట్టి ఉన్నా చుర్రుమంది. కొంగుతో పట్టుకుని వెనక వసారాలోకి పరుగెత్తింది. అక్కణ్ణుంచి చెయ్యి చాస్తే పక్కింటి నైహువా అవ్వ కట్టెలకొట్టు అందుతుంది. కొట్టులో అవ్వ బూడిద పోసుకునే చదును రాయి ఉంది. రాయి మీద పెడితే నిప్పంటుకునే భయం లేదు. ఆ క్షణంలో ఆమె ఆలోచించింది అంతవరకే. వాళ్ళు దాటిపోగానే తిరిగి తెచ్చుకుంటాను అనుకుంది.

గ్వాంగ్‌చాయ్ తాత లోపలికొచ్చి పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాడు. వెనకనున్నవాళ్ళు వెదురు గరిటెతో ఇంకో గరిటెడు నీళ్ళు పోశారు. మంత్రగాడు తాడుతో ఈడ్చుకొస్తున్న చిన్న కొయ్యపడవలో పెయ్‌లాన్ చిటికెడు చల్లని బూడిద వేసింది. ఊరందరి బూడిదా ఆ పడవలో ఏట్లోకి పోవాలి.

"గుడ్డ ఉందా బానలో?" అన్నాడు తాత.

"ఉంది తాతా. ఎంతవరకు పట్టిందో అంతే."

"దాని రాత. సాయంత్రం కొత్త నిప్పొచ్చాక మళ్ళీ పట్టుకో."

వాళ్ళు మెట్లు దిగారు. దిగి, దాటిపోకుండా, కట్టెలకొట్టు వైపు తిరిగారు.

పెయ్‌లాన్ వసారాలో నిలబడి అంతా విన్నది, చూసింది. కుంపటి బయటికి తెచ్చి సందులో పెట్టారు. ఒకడు పుల్లతో బూడిద కదిపాడు. పట్టపగలు కూడా ఆ ఎరుపు కనపడింది. మంత్రగాడు పడవ తాడు కింద పడేశాడు. పొద్దుట్నుంచీ చేసిందంతా నీళ్ళపాలైందని దానర్థం.

నైహువా అవ్వ తలగుడ్డ సర్దుకుంటూ మెట్లు దిగి వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మొగుడు పోయినప్పటి నుంచీ ఊరి జేగంట ఆవిడదే. పొద్దు వాలే వేళ జేగంట కొట్టుకుంటూ ఇల్లిల్లూ దాటుతూ, "నిప్పు జాగ్రత్తా! పొయ్యి చూసుకోండి! బూడిద కదిపి చూసుకోండి!" అని అరిచేది. ఎవరింట్లో పొగ ఎక్కువొచ్చినా కిందనుంచే తిట్టిపోసేది. ఈ మధ్య చూడవచ్చిన జనం ఆవిడ వెంట ఫోన్లు పట్టుకుని నడుస్తుంటే, "నన్నేం చూస్తారు, కాళ్ళ కింద మెట్లు చూసుకోండి" అని వాళ్ళనీ తిట్టేది.

"ఇది ఎవరిది నైహువా?" అడిగాడు తాత.

అవ్వ వంగి చూసింది. "నా కొట్టులో ఉందా?"

"నీ రాయి మీదే ఉంది."

"నేను ఆర్పేశానే. పొద్దున్నే లేచి ఆర్పేశాను."

"ఆర్పావా, ఆర్పాననుకున్నావా?"

అవ్వ తన రెండు చేతుల వంకా చూసుకుంది, అవేమైనా చెబుతాయేమోనన్నట్టు. ఇలాంటి కుంపట్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, సంతలో అన్నీ ఒకే పోత. ఆవిడింట్లోనూ ఒకటి ఉంది, ఎక్కడో.

"నా కొట్టులో ఉంటే నాదే అవ్వాలి," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఇంకెవరు తెచ్చి పెడతారు?"

ఇప్పుడు చెప్తాను, ఇప్పుడు చెప్తాను అనుకుంటూ పెయ్‌లాన్ వసారా కొయ్య పట్టుకుని నిలబడింది. కాలిన అరచెయ్యి మండుతోంది. వాళ్ళు కుంపట్లో నీళ్ళు పోసి, దాన్ని తీసుకుని ఊరంతా చేరే డోలు గోపురం వైపు నడిచారు. అవ్వ వాళ్ళ వెనకే నడిచింది. సందు ఖాళీ అయింది.

మర్నాడు తంతు అంతా మొదటి నుంచీ మళ్ళీ చేశారు. దానికి కావలసిన పందిని తప్పు చేసిన ఇల్లే ఇవ్వాలి. నైహువా అవ్వ కొత్త సంవత్సరానికని మేపుకుంటున్న పందిని తోలుకొచ్చి గోపురం ముందు కట్టేసి వెళ్ళిపోయింది. పెయ్‌లాన్ ఈసారి పొయ్యిలో ఎన్ని నీళ్ళు పోసిందంటే, బొగ్గులు తేలి నేల మీదికొచ్చాయి. యింగ్‌ఫా చూసి, "ఏటిని ఇంట్లోకి తెచ్చావేమే!" అని నవ్వాడు. తరవాత అటూ ఇటూ చూసి, "మన కుంపటేదీ?" అన్నాడు.

"తుప్పు పట్టింది. పారేశాను."

అతను ఆమె అరచేతికి కట్టిన గుడ్డ వంక చూశాడు. ఇంకేమీ అడగలేదు. ఆ అడక్కపోవడం ఆమెకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

ఆ మరుసటి మధ్యాహ్నం పెద్దలంతా గోపురం కింద కూర్చున్నారు. అవ్వను తిట్టినవాళ్ళు లేరు. అందరూ జాలిపడ్డారు, అదే పెద్ద శిక్ష అయింది. పెద్దదైపోయింది పాపం, మతి తప్పుతోంది, కొయ్య ఇంట్లో ఒంటరిగా ఎలా వదిలేస్తాం అన్నారు. కైలీ పట్నంలో ఉన్న కూతురు యుషియెన్‌కు ఫోను చేశారు. శనివారం వచ్చి తీసుకుపోతానంది కూతురు. అవ్వ ఒక్క మాటా ఎదురు చెప్పకుండా విన్నది. నిరుడు ఈవిడే, చూడవచ్చేవాళ్ళ కోసం గోడ మీద తన ఫొటో అడక్కుండా వేశారని ఇదే గోపురం కింద తాతను కడిగి పారేసిన మనిషి.

"జేగంట?" అన్నారెవరో.

గ్వాంగ్‌చాయ్ తాత చుట్టూ చూశాడు. "తాంగ్ వాళ్ళమ్మా, నువ్వు తీసుకో." ఇప్పుడు పట్నంలో చదువుకుంటున్న కొడుకు తాంగ్ పుట్టినప్పటి నుంచీ పెయ్‌లాన్‌కు ఊళ్ళో అదే పేరు. "పక్కిల్లే. గొంతూ బాగుంటుంది. మన ఊరిని పాత ఊళ్ళ జాబితాలో వెయ్యడానికి వచ్చే వారం సర్కారు వాళ్ళు వస్తున్నారు. జేగంట మోగకపోతే ఎలా?"

"నాకు రాదు తాతా."

"అరవడానికి రావడమేంటి! యింగ్‌ఫాను రోజూ అరుస్తూనే ఉన్నావుగా."

అందరూ నవ్వారు. నైహువా అవ్వ లేచి వచ్చి జేగంటను రెండు చేతులతో ఆమెకు అందించింది. "తాడు కొత్తది వేశాను. బరువనిపిస్తే భుజానికి తగిలించుకో పెయ్‌లాన్," అంది. ఊళ్ళో ఆమెను ఇంకా పేరుపెట్టి పిలిచేది ఆవిడొక్కతే.

సాయంత్రం పెయ్‌లాన్ మొదటిసారి జేగంటతో బయల్దేరింది. హోమ్‌స్టే జనం కొందరు వెంటబడ్డారు. "నిప్పు జాగ్రత్తా" అన్నప్పుడల్లా ఎవరో తన మెడ వెనక నిలబడి వింటున్నట్టుంది. అవ్వ ఇంటి ముందుకొచ్చేసరికి అరవడం మానేసింది. జేగంట మాత్రం కొట్టి గబగబా దాటబోయింది.

"పెయ్‌లాన్! ఒక్కసారి పైకి రా."

ఎక్కింది. లోపల చీకటిగా ఉంది. అవ్వ దీపం కూడా వెయ్యలేదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చునుంది.

"పొయ్యి ఆరిందేమో చూడమ్మా."

"ఆరింది అవ్వా. చల్లగా ఉంది."

"చెయ్యి పెట్టి చూడు. నేను పెట్టి చూశాను, ఆరిందనే అనిపించింది. మొన్న కూడా అలాగే అనిపించింది కదా."

పెయ్‌లాన్ బూడిదలో చెయ్యి పెట్టింది. ఎప్పుడో ఆరి గడ్డకట్టిన బూడిద. అన్నం వండినట్టే లేదు.

"ఏం తిన్నావు?"

"సద్దన్నం ముద్దలున్నాయిలే. పొయ్యి ముట్టించడం మానేశాను." అవ్వ పీట పొయ్యి వైపు జరుపుకుంది. "నాకు ఒక్క ముక్కైనా గుర్తొస్తే బాగుండును. ఆ కుంపటి ఎప్పుడు తీశాను, నిప్పులెందుకు వేశాను? ఎంత తవ్వినా ఏమీ రావడంలేదు. గుర్తుంటే తప్పు చేశానని ఏడవొచ్చు. గుర్తు లేకపోతే ఏం చెయ్యాలి? రేపు ఇంకేం చేస్తానో ఏమో. కూతురింట్లో గ్యాసు పొయ్యి అట. చిన్నపిల్లలున్న ఇల్లు."

పెయ్‌లాన్ బూడిదలోంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. అవ్వకు పంది పోయిందనుకుంది, జేగంట పోయిందనుకుంది, ఇల్లు పోతోందనుకుంది. ఆవిడకు తన తల మీద తనకే నమ్మకం పోయిందని ఇప్పుడే తెలిసింది. ఆ నమ్మకాన్ని తీసేసింది తన చెయ్యే.

"రేపు కూడా వచ్చి చూస్తావా?" అడిగింది అవ్వ.

"చూస్తాను," అంది పెయ్‌లాన్. ఆ మాట అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యలో చల్లబడినా, కొత్త నిప్పు మీద మళ్ళీ ఆవిరి పట్టేసరికి ఎందుకో గుడ్డ మహా బాగా వచ్చింది. ఎక్కడా మచ్చ లేదు. ఫాన్ మేడమ్ కిటికీ దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదేం మెరుపండీ!" అంటూ మురిసిపోయింది. పెయ్‌లాన్ అటు చూడలేకపోయింది. దాన్ని మడిచి కాగితంలో చుట్టేటప్పుడు, పాడైపోయి ఉంటే బాగుండేది, ఇద్దరికీ శిక్ష పడినట్టుండేది అనుకుంది. తనకొచ్చిన మేలు కూడా గిట్టని స్థితికి వచ్చింది మనిషి.

ఆ పూటే గ్వాంగ్‌చాయ్ తాత ఇంటికి వెళ్ళింది. తాత వాకిట్లో కూర్చుని చేపల బుట్ట అల్లుతున్నాడు. ఆమె నిలబడే చెప్పింది, ఊపిరి తీసుకోకుండా. గుడ్డ, కుంపటి, వసారా, రాయి, అన్నీ. చెప్పి ఏడ్చింది.

తాత వెదురు బద్దను వంచి, గుచ్చి, రెండో వైపు లాగాడు.

"తెలుసు."

"ఏంటి తాతా?"

"కుంపటి పిడికి నీలిగుడ్డ పేలిక చుట్టి ఉంది. వేడి తగలకుండా అలా చుట్టేది ఊళ్ళో నువ్వే. నైహువా చేతులకు వేడేంటి, చల్లేంటి."

"తెలిసీ..."

"కూర్చో. నిలబడి ఏడిస్తే సందులోకి వినపడుతుంది." ఆమె కూర్చోలేదు. తాత బుట్ట కింద పెట్టాడు. "చూడు తాంగ్ వాళ్ళమ్మా. ముసలిది మర్చిపోయిందంటే ఎవరూ ఏమీ అనరు. ముసలితనం ప్రతి ఊళ్ళోనూ ఉంది. హోమ్‌స్టే ఇల్లు నిప్పు దాచిందంటే, వచ్చే సర్కారు వాళ్ళు మొట్టమొదట మూసేది హోమ్‌స్టేలనే. నీదొక్కటే కాదు, అన్నీ. కావాలని దాచింది గనక, మన పద్ధతి ప్రకారం నువ్వు ఊరొదిలి వంతెన అవతల కాపురం పెట్టాలి. యింగ్‌ఫాకు ఆ మాట నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"అవ్వ పిచ్చిదాన్నయిపోయానని అనుకుంటోంది తాతా."

"ఎప్పటికైనా కూతురి దగ్గరికి పోవాల్సిందే. నాలుగేళ్ళు ముందు పోతోంది." ఇది చెబుతున్నప్పుడు తాత ఆమె మొహం చూడలేదు. "పందికి నేను సర్దుతాలే, ఏదో పేరు చెప్పి. నువ్వు ఇంటికి పో. ఈ మాట ఇక్కడే పాతేశాం."

పెయ్‌లాన్ ఇంటికి పోయింది. దారిపొడుగునా ఆమెకు భయంకరమైన తేలిక అనిపించింది. పెద్దాయన చెప్పాడు, ఊరి మేలు కోసమే, ఇక నా చేతుల్లో ఏముంది అనుకుంది. ఆ సాయంత్రం అవ్వ పొయ్యిలో చెయ్యి పెట్టి, "ఆరింది అవ్వా" అంది. అవ్వ ఆ చేతిని పట్టుకుని, "నువ్వు లేకపోతే నాకు నిద్ర కూడా పట్టేది కాదమ్మా" అంది. ఆ తేలిక అక్కడితో పోయింది.

శనివారం యుషియెన్ వచ్చింది. మంచి పిల్లే. కాకపోతే ఆ రెండు గంటల్లోనే తల్లితో పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడ్డం మొదలుపెట్టింది. "అమ్మా, ఇది ముట్టుకోకు. అమ్మా, ఇప్పుడే చెప్పాను కదా, మర్చిపోయావా?" అవ్వ ప్రతిదానికీ, "అవును, మర్చిపోయుంటాను" అంటోంది. గోడ ఇవతల బియ్యం కడుగుతున్న పెయ్‌లాన్‌కు ఒక్కో మాటా వినపడింది. సామాను మూట కట్టడం అయిపోయింది. చీకటి పడకముందే బయల్దేరాలని బండి వంతెన అవతల ఆగి ఉంది.

పెయ్‌లాన్ గిన్నె దించి, తడి చేతులతోనే జేగంట అందుకుంది.

"ఇంకా పొద్దుందిగా," అన్నాడు యింగ్‌ఫా.

"మనం వంతెన అవతలికి పోవాల్సొస్తుందేమో," అంది ఆమె.

అతను చేతిలో ఉన్న కుర్చీ కింద పెట్టాడు. "అవతల వానకి బురదెక్కువ," అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

వంతెన దగ్గర మొదలుపెట్టింది. జేగంట ఎంత గట్టిగా కొట్టిందంటే ఏటి అవతల బాతులు లేచిపోయాయి. "నిప్పు జాగ్రత్తా! పొయ్యి చూసుకోండి!" అంది మామూలుగా. మళ్ళీ కొట్టింది. ఈసారి అలవాటైన మాటల బాణీలోనే, ఆగకుండా అరిచింది.

"వినండి! మొన్న దొరికిన నిప్పు నాది! కుంపటి నాది! నేనే తెచ్చి నైహువా అవ్వ కొట్టులో పెట్టాను! అవ్వ పొయ్యి ఆరే ఉంది! నా పొయ్యే ఆరలేదు!"

కామ్ భాష రాని హోమ్‌స్టే జనం ఎప్పట్లాగే ఫోన్లు ఎత్తారు. ఫాన్ మేడమ్ పై కిటికీలోంచి చెయ్యి ఊపి, "ఈ రోజు పాట ఇంకా బాగుంది!" అంది. భాష వచ్చినవాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ముఖం కడుక్కుంటున్న మనిషి చెంబు పట్టుకునే ఉండిపోయాడు. ఒక కిటికీ మూసుకుంది. గ్వాంగ్‌చాయ్ తాత వాకిట్లోకి వచ్చి, చేత్తో ఆపమన్నట్టు సైగ చేశాడు. ఆమె ఆయన ముందే ఆగి జేగంట కొట్టి, మొత్తం మళ్ళీ చెప్పింది. ఆయన పేరు మాత్రం చెప్పలేదు. తాత లోపలికి వెళ్ళిపోయాడు.

అవ్వ ఇంటి ముందు మూటలు మెట్ల మీదున్నాయి. అవ్వ మెట్ల మధ్యలో, ఒక చెయ్యి కూతురి చేతిలో పెట్టి, దిగబోతూ ఆగిపోయి ఉంది.

"ఏమన్నావు?"

పెయ్‌లాన్ చెప్పింది. ఇప్పుడు అరవలేదు. గొంతు బొంగురుపోయింది.

"మళ్ళీ అను."

మళ్ళీ అంది.

అవ్వ కూతురి చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. "చెంబెడు నీళ్ళు పోశాను," అంది, ఎవరితోనూ కాకుండా. "పిల్లి అడ్డమొస్తే కాలితో తోశాను. బూడిద నా కాలి మీద చిందింది. కడుక్కున్నాను. అంతా గుర్తుంది!" కూతురి వైపు తిరిగి రెండు చేతులతో ఆమె భుజాలు పట్టుకుని ఊపింది. "విన్నావటే? నా తల బాగానే ఉంది! నేను ఆర్పాను!" ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. యుషియెన్ ఒక మూట పక్కకు జరిపి తల్లి పక్కన కూర్చుంది.

పెయ్‌లాన్ సందులో నిలబడే ఉంది. అవ్వ తిట్టాలని, జుట్టు పట్టుకు ఈడ్వాలని, ఏదో ఒకటి చెయ్యాలని ఎదురుచూసింది. అవ్వ ముక్కు తుడుచుకుని ఆమె వైపు చూసింది. ఆ చూపులో ఇన్నాళ్ళ పక్కింటి చుట్టరికం లేదు.

"రోజూ వచ్చి నా పొయ్యిలో చెయ్యి పెట్టావు," అంది.

"పెట్టాను అవ్వా."

"ఆరిందన్నావు."

పెయ్‌లాన్ జేగంటను రెండు చేతులతో ముందుకు చాచింది.

అవ్వ దాన్ని అందుకోలేదు. కొండ మీదికి గడ్డం చూపింది. అక్కడ పై వరస ఇళ్ళలో అప్పుడప్పుడే దీపాలు వెలుగుతున్నాయి.

"ఇంకా పై ఇళ్ళున్నాయి," అంది. "పో, చెప్పు."

పెయ్‌లాన్ మెట్లెక్కడం మొదలుపెట్టింది.